సత్యరాజు పెట్టిన టంకం

4-11-1968, సోమవారం. సాలూరు.

బావమరిది సత్యరాజు ఈవేళ నా రేడియో షాపు మెట్టెక్కాడు. ఆగస్టులో మా చర్చి సంఘం మీటింగులో అందరి ముందూ లేచి నిలబడి "మా బావ హార్మోనియం వాయిస్తే పాట ముసలిదైపోతన్నాదండి" అన్న నోటితోనే "బావా, బాగున్నావా" అన్నాడు. బాగున్నానన్నాను. బల్ల మీద వాల్వు రేడియో విప్పి ఉంది. తల అందులోంచి తియ్యలేదు. ఈ వృత్తిలో ఉన్న సుఖాల్లో ఇదొకటి. ఇష్టం లేనివాడొస్తే డబ్బాలో తల దూర్చుకోవచ్చు. మంగలికి ఆ వీలు లేదు పాపం, ఎలాంటివాడిదైనా మొహం పట్టుకోవలసిందే.

ఓ ఇనప పెట్టె నా పక్కన పెట్టాడు. తమలపాకుల పెట్టె అంత ఉంటుంది. పైన కాలితో నొక్కే మీట, తిప్పే బిరడాలు, వైర్లు దూర్చుకునే కన్నాలు.

"ఏటిది?"

"గిటారుకి తగిలించీ పెట్టె బావా. కాలితో తొక్కాల. తొక్కితే సౌండు మారిపోతాది."

"ఏటిగా మారిపోతాది?"

"బాగా మారిపోతాది."

అంతకన్నా వాడికీ తెలీదు. సత్యరాజు తోడల్లుడు ఓడ మీద పనిచేస్తాడు. వాడు లండన్ నుంచి గిటారూ, ఈ పెట్టె తాలూకు విడి సామాన్లూ తెచ్చాడట. తయారుచేసే విధానం రాసిన కాగితం ఓడలోనే తడిసి ముద్దైపోయిందట. సర్క్యూటు బొమ్మ ఒక్కటే మిగిలింది.

"ఎవరు కట్టారు?"

"నానే."

"నువ్వా!"

"ఏటి, బొమ్మ సూసి కట్టడానికి కాలేజీ సదవాలేటి? అన్నీ అంటించేసాను. కానీ పలకట్నేదు."

లారీ ఓనర్ల ఆఫీసులో గుమాస్తా. రశీదులు అంటించినట్టు అంటించేశాడన్నమాట.

డిసెంబరు ఒకటిన కోతల పండగ. ఆ రోజు వీడి కూతురు లీలారాణి గిటారు వాయిస్తుంది. అది విన్నాక పెద్దలు తేలుస్తారు, ఇక మీదట గుడిలో గిటారు ఉండాలా, నా హార్మోనియం ఉండాలా అని. ఆ గిటారు పలికే పెట్టెని నా చేత బాగుచేయించుకోడానికి నా దగ్గరికే వచ్చాడు. ఇక్కడ ట్రాన్సిస్టరుకి టంకం పెట్టగలిగినవాడు ఇంకొకడు లేడు మరి. సిగ్గు లేకపోవడం కూడా ఒక వరమే.

"పెట్టి ఎల్లు" అన్నాను.

వాడు వెళ్ళాక ఆ పెట్టెకేసి చాలాసేపు చూశాను. ప్రభువు నా శత్రువుని నా చేతికి అప్పగించాడు. మూత కూడా స్క్రూలు బిగించకుండా.

5-11

మూత తీశాను. కాకులు వాలి వెళ్ళిన గోడలా ఉంది.

అతుకు అతుకుకీ సున్నుండంత టంకం. కొన్ని చోట్ల టంకం పైన మెరుస్తోంది గానీ కింద పార్టు కాలికి అంటనే లేదు. వైరు పట్టుకుని లాగితే పాలపన్నులా ఊడి వచ్చింది. దీన్ని మేము డ్రై సోల్డరు అంటాం. ఇంకోచోట పక్కపక్కనున్న రెండు కాళ్ళకీ కలిపి ఒకే ముద్ద. కరెంటు దారి తప్పి అటే పోతుంది. కండెన్సరు తలకిందులు. బ్యాటరీ వైర్లు అటుది ఇటు. ఒక ట్రాన్సిస్టరుకి కాళ్ళు మూడూ మెలిపెట్టి జడ వేసినట్టు వేశాడు. పార్టులన్నీ అతికే అట్ట మీద రాగి రేకు వేడికి పొక్కి లేచిపోయింది. చూస్తున్నంతసేపూ నాకు ఎంత హాయిగా ఉందో రాయలేను. ఆగస్టు నుంచీ ఇలా ఆకలి వెయ్యలేదు. ఏసమ్మ రెండోసారి అన్నం వడ్డిస్తూ నా మొహంకేసి అనుమానంగా చూసింది.

నాకు టంకం నేర్పింది యుద్ధం రోజుల్లో వైజాగులో ఓ సర్దార్జీ హవల్దారు. మిలటరీ వైర్లెస్ సెట్లు మోసే కూలీగా చేరాను నేను. టంకాన్ని సోల్డరింగ్ ఐరను మీద కరిగించి బొట్టు బొట్టుగా కారిస్తే ఆయన చెక్కబద్దతో వేళ్ళ మీద కొట్టేవాడు. వేడి వైరుకియ్యాలి, వైరే టంకాన్ని పిలుస్తుంది, నువ్వు మధ్యలో పెత్తనం చెయ్యకు అని హిందీలో తిట్టేవాడు. ఆయన పచ్చి ఉల్లిపాయని గుద్దుతో పగలగొట్టి తినేవాడు. కత్తి పెడితే రుచి పోతుందట. నేనూ ఇంటికొచ్చి ఓసారి గుద్దాను. ఉల్లిపాయకేమీ కాలేదు.

ఏటి రాస్తున్నాను? ఆఁ, పగ.

బాగుకాదని తిప్పి పంపిస్తే "అబ్రహాం వల్ల కాలేదు" అంటారు. అది కుదరదు. ఇది బాగవ్వాలి. నా చేతుల్లోంచి పలుకుతూ వెళ్ళాలి. వెళ్ళి పండగ రోజున, గుడి నిండా జనం ఉండగా, సత్యరాజు ముందు వరసలో మీసం దువ్వుకుంటూ ఉండగా, అప్పుడు చావాలి.

8-11

అతుకుల చుట్టూ పచ్చగా బూజులాంటిది కనిపించింది. వాసన చూశాను. ముక్కు మండింది. అనుమానమొచ్చి లారీ స్టాండు దగ్గర రేడియేటర్లు అతికే కూర్మయ్య షెడ్డుకి వెళ్ళాను.

"కూర్మయ్యా, మా సత్యరాజు నీ దగ్గరేటైనా పట్టుకెల్లాడా?"

"ఆయ్, పట్టుకెల్లినారు బాబూ. టంకం అంటుకోట్నేదు ఏటి సెయ్యాలన్నారు. రేడియేటరుకి రాసీ యాసిడ్డు ఓ సీసాడిచ్చినాను. ఒక్క సుక్కెట్టండి బాబూ, రాయికైనా అంటుకుంటాది అన్నాను."

"ఒక్క సుక్కే ఎట్టాడంటావా?"

"కాలీ సీసా ఎనక్కిచ్చినారు."

కూర్మయ్య తప్పు లేదు. లారీ రేడియేటరుకి అదే పెట్టాలి. మందపాటి ఇత్తడి, తట్టుకుంటుంది. వెంట్రుకంత రాగి తీగకి అది పెడితే తీగని లోపల్లోపల తినేస్తుంది. అందుకే మేం రోజిన్, అంటే గుగ్గిలంలాంటి బంక, వాడతాం. తమాషా ఏమిటంటే, యాసిడ్డు పెట్టిన అతుకు మొదట్లో భేషుగ్గా పనిచేస్తుంది. వారాలు గడిచాక, ఎవరూ ముట్టుకోకుండానే, ఒకనాడు పుటుక్కుమంటుంది.

షాపుకి ఈల వేసుకుంటూ వచ్చాను. దారిలో రాయగడ వెళ్ళే లారీ దుమ్ము నా మొహాన కొట్టినా ఈల ఆపలేదు. పైకి కనిపించే తప్పులన్నీ దిద్దుతాను. యాసిడ్డు జోలికి వెళ్ళను. దాన్ని పోసింది వాడే. వాడి సీసా, వాడి పాపం. నేను దానికి అడ్డం రాను, అంతే.

10-11, ఆదివారం

గుడి. వెనక బెంచీ. పెద్దలు తేల్చేదాకా ముట్టకూడదని హార్మోనియం మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ ఏసమ్మ కుట్టిందే. ఆదివారాలకి ఊరొచ్చే లీలారాణి వాయించిన గిటారు రెండో బెంచీ దాకా కూడా వినపడలేదు. కరెంటు సౌండు సెట్టు పండగలకి తప్ప తేరు. జనం తోచిన శ్రుతిలో పాడారు. సత్యరాజు చేతులాడిస్తూ నిలబడ్డాడు, బస్సుకి దారి చూపించే కండక్టరులాగ.

11-11

మొన్న రాసింది మార్చుకుంటున్నాను. బాగా ఆలోచించి మార్చుకుంటున్నాను. యాసిడ్డు నమ్మకమైన మనిషి కాదు. పండగ ముందే తీగని తినేస్తే? పెట్టె మళ్ళీ నా బల్ల మీదికే వస్తుంది. పండగ దాటాక తింటే? ఎవడికి ఉపయోగం? కనక అది కడిగెయ్యక తప్పదు. ఇందులో జాలీ గీలీ ఏమీ లేదు.

అతుకులన్నీ ఊడదీశాను. కవచం వైరు మీది జడలాంటి అల్లిక తీసి, దానికి రోజిన్ రాసి, అతుకు మీద పెట్టి ఐరనుతో నొక్కితే పాత టంకాన్నంతా ఒత్తిలాగ పీల్చేస్తుంది. సామాన్లన్నీ తీసి వరసగా పెట్టాక, అట్టని వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళలో వేసి పాత పళ్ళ బ్రష్షుతో తోమాను. ఏసమ్మ చూసింది.

"నా వంటసోడా."

"ఊ."

"ఇది మా తమ్ముడిదేనా?"

"ఊ."

"బాగుసేస్తన్నావా, పాడుసేస్తన్నావా?"

"రిపేరు సేస్తన్నాను."

"నానడిగింది అది కాదు."

నేను తోముతూనే ఉన్నాను. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, "ఒకడు నోరు పారేసుకుంటాడు, ఇంకొకడు ఆ నోరు పట్టుకుని నెలలు నెలలు నమిల్తాడు. నా పుట్టింటోరూ అంతే, మెట్టినింటోరూ అంతే" అని వెళ్ళిపోయింది. సోడా డబ్బా కూడా పట్టుకుపోయింది.

అట్టని ఎండలో ఆరబెట్టాను. కాకి రాకుండా పక్కన కూర్చున్నాను.

14-11

కొత్తగా కడుతున్నాను. లేచిపోయిన రాగి రేకు బదులు సన్నటి తీగ పరిచాను. ట్రాన్సిస్టరు కాలిని నోస్ ప్లయరుతో పట్టుకుని అప్పుడు ఐరను పెట్టాలి. వేడిని ప్లయరు తాగేస్తుంది, లోపలి ప్రాణం దక్కుతుంది. ఒక్కో అతుకూ చల్లారాక ఊదకుండా, కదపకుండా చూస్తే అద్దంలా మెరిసింది. హవల్దారు ఉంటే చూపించేవాణ్ణి. ఉల్లిపాయ ఇచ్చేవాడేమో.

వీడికి ఇంత మంచి అతుకులు అనవసరం. చెయ్యి అలవాటైపోయింది, చెత్తగా రమ్మంటే రాదు.

హార్మోనియం సంగతీ అంతే. మిషను దొరసాని వెళ్ళిపోతూ గుడికి వదిలేసిన నాడు దాని తిత్తులు ఎలకలు తినేసి ఉన్నాయి. కొత్త తోలు తెచ్చి నేనే అతికాను. ఏ రీడు ఎప్పుడు మొండికేస్తుందో నా వేళ్ళకి తెలుసు. దాన్ని పట్టుకుని ముసలి పాట అంటాడా.

15-11

పలికింది!

గిటారు నా దగ్గర లేదు కనక గ్రామఫోను పికప్పు తగిలించి రికార్డు పెట్టాను. మీట తొక్కకపోతే పాట శుభ్రంగా వస్తోంది. తొక్కితే గరగర. పాడే ఆవిడకి పళ్ళ మధ్య ఇసక పోసినట్టుంది.

ఎక్కడో ఇంకా తప్పుంది. ఎల్లుండికి తేల్చేస్తాను.

17-11, ఆదివారం

గర. గుడికి వెళ్ళలేదు. ఒంట్లో బాలేదని ఏసమ్మతో చెప్పించాను. పొద్దుటనుంచీ బల్ల దగ్గరే ఉన్నాను.

18-11

కండెన్సర్లు మార్చాను. గర.

20-11

నా సొంత ట్రాన్సిస్టర్లు పెట్టి చూశాను. బంగారంలాంటివి. వాటితో ఇంకా బాగా గర.

మీటరు పెట్టి చూస్తే రెండో ట్రాన్సిస్టరు దగ్గర వోల్టేజీ అడుగంటి ఉంది. కానీ బొమ్మలో కూడా అలాగే ఉంది. బొమ్మ ప్రకారం చూస్తే ఇది ఉత్త ఆంప్లిఫయరు. అందులోనూ దద్దమ్మ గీసిన ఆంప్లిఫయరు. పాటని ఇంత గట్టిగా పిండితే గరగర రాక ఏమొస్తుంది? ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుని నేను చేసిన పనల్లా ఒక్కటే: గరగరలాడే రేడియో వస్తే ఆ గరగర తీసి పంపించడం. ఈ సాలూరులో నేను తియ్యలేని గరగర లేదు.

21-11

గర.

23-11, శనివారం

నిర్ణయానికొచ్చాను. గరగర నేనే ఉంచేస్తున్నాను. తియ్యలేక కాదు. ఇంకో రోజు కూర్చుంటే తియ్యగలను. కావాలని ఉంచేస్తున్నాను. మొదటినుంచీ నా ఉద్దేశం ఇదే.

చూడు ఎంత చక్కగా కుదిరిందో. మీట తొక్కనంతసేపూ గిటారు శుభ్రంగా ఉంటుంది. గుడి నిండా జనం ఉన్నప్పుడు, మంచి పట్టులో ఉన్నప్పుడు ఆ పిల్ల తొక్కుతుంది. అప్పుడు సత్యరాజు మొహం చూడాలి. పెద్దలు అక్కడికక్కడే గిటారు దించేసి హార్మోనియం మీద గుడ్డ తీసేస్తారు. వాడు సంఘం ఎదట, నా ఎదట తలొంచుకోవాలి. ఆగస్టు నుంచీ నేను వంచుకున్నట్టు.

ఇంతకన్నా ఇంకేమీ వద్దు నాకు.

30-11, శనివారం

లీలారాణి విజయనగరం బస్సు దిగి తిన్నగా షాపుకే వచ్చింది. అక్కడ టీచరు ట్రైనింగు చదువుతోంది. గిటారు భుజానుంది. చిన్నప్పుడు ఈ బల్ల కిందే కూర్చుని పాత వాల్వులతో వంటలు వండేది.

"మావయ్యా, నాన్న మీకిచ్చాడంట, నిజమేనా? బతికిందా?"

"బతికింది."

నా షాపులో ఆంప్లిఫయరుకే తగిలించి వాయించింది. తొక్కింది. గోడకున్న కాలెండరు అదిరింది. నేను ఆ పిల్ల మొహం చూడలేక ఐరను మొన గీక్కుంటూ కూర్చున్నాను.

"మావయ్యా!" అని అరిచింది. "ఇదే! అచ్చు ఇదే! మీరెంత బాగా సేసారు!"

నవ్వుతోంది. కళ్ళమ్మట నీళ్ళు కూడా. పెంపకం మంచిది, అది ఏసమ్మ వైపు మంచితనం. పెద్దవాణ్ణి నొప్పించకూడదని పాపం ఎంత అబద్ధమాడిందో! లేదా చెవి లేదు. తండ్రి పోలిక.

"గుడిలో తొక్కుతావా?" అని అడిగాను.

"ఎందుకు తొక్కను!"

సౌండు సెట్టు రేపు పొద్దున్న గానీ రాదు. ఈలోగా సత్యరాజు వినే అవకాశం లేదు. పెట్టెని గుడ్డలో చుట్టి నేనే చేతికిచ్చాను. ఆ పిల్ల వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వద్దన్నాను. మన సంఘంలో ఆ ఆచారం లేదు కదా అని వద్దన్నాను.

1-12-1968, ఆదివారం. కోతల పండగ.

మొదటినుంచీ రాస్తాను, ఒక్క ముక్క వదలను.

గుడి నిండా వరి పనలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, బల్ల కాళ్ళకి కట్టేసిన కోడిపెట్టలు, ఓ మేకపిల్ల. అందరూ మొదటి పంట తెచ్చి పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. కొన్నేళ్ళు ఆరాధనకన్నా వేలమే రంజుగా ఉంటుంది. పోయినేడు ఒక గుమ్మడికాయ దగ్గర ఇద్దరు డీకన్లకి మాటల్లేకుండా పోయాయి. ఇప్పటికీ లేవు, గుమ్మడికాయా లేదు.

నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. వెనక బెంచీ కాదు, మధ్య బెంచీలో కూర్చున్నాను, సత్యరాజు బాగా కనబడేలా. వెనక బెంచీల్లో లారీ డ్రైవర్లు, క్లీనర్లు, పెళ్ళాం పిల్లలతో ఉన్నారు.

లీలారాణి మొదటి చరణం మామూలుగా వాయించింది. బాగుంది. సత్యరాజు అటూ ఇటూ చూసి మీసం దువ్వాడు. రెండో చరణానికి కాలు ఎత్తి తొక్కింది.

రేకుల కప్పు గజగజలాడింది. కోళ్ళన్నీ ఒక్కసారి లేచి బల్లని లాక్కుపోయాయి. ఓ గుమ్మడికాయ దొర్లుకుంటూ వెళ్ళి పాస్టరయ్యగారి బూటు దగ్గర ఆగింది. ముసలమ్మలు చెవులు మూసుకున్నారు. వెనకాల ఎవడో డ్రైవరు ఉండబట్టలేక, "ఒరే ఒరే, కోనవలస గాటీ ఎక్కుతన్న లోడు లారీరా!" అని లేచి నిలబడ్డాడు. "ఫస్టు గేరు!" అన్నాడు పక్కవాడు. లీలారాణి కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉంది. నేను సత్యరాజుకేసి చూశాను. మీసం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆహా.

అయ్యగారు చెయ్యెత్తారు. ఆగింది.

"అమ్మా, ఇది పాడయిందేటి?"

"లేదయ్యగారూ. ఇది ఇలాగే ఉంటాది" అంది.

"సత్యరాజుగారూ?"

సత్యరాజు లేచాడు. చెమట. "మరండీ... నాను కట్టినప్పుడు బాగానే... అంటే పలకనేదు గానీ, కట్టడం బాగానే కట్టానండి. రిపేరుకి మా బావకిచ్చాం. అక్కడేటి జరిగిందో మరి."

తలలన్నీ నావేపు తిరిగాయి.

"అబ్రహాంగారూ, ఇది దేవుని సన్నిధి. ఈ పని తెలిసినవారు మీరు. మీరే సెప్పాల. పాడయిందంటే ఇప్పుడే తీసి పక్కనెడదాం. మీరొచ్చి హార్మోనియం దగ్గర కూర్చోండి. పండగ జరిపించుకుందాం."

హార్మోనియం అక్కడే ఉంది. పది అడుగులు వెయ్యక్కర్లేదు. 'పాడయింది' అని ఒక్క మాటంటే చాలు, గుడ్డ తీసెయ్యొచ్చు. దీనికోసమే కదా ఇన్నాళ్ళూ.

కానీ వాడేమన్నాడు? అక్కడేటి జరిగిందో అన్నాడు. ఈ ఊళ్ళో రేడియో ఉన్న ప్రతివాడూ ఆ గుడిలోనో, ఆ గుడి కిటికీ దగ్గరో ఉన్నాడు. పాడయిందంటే పాడుచేసింది నేనన్నమాట. అద్దాల్లాంటి నా అతుకులు! కడిగి, ఎండబెట్టి, కాకిని కాచి కట్టిన అతుకులు! వాడు కాకిరెట్టలు పెట్టి తెచ్చి ఇచ్చి, ఇప్పుడు అక్కడేటి జరిగిందో అంటాడా?

లేచాను.

"పాడవలేదయ్యగారూ" అన్నాను. "అది అలాగే మాటాడాల. లండన్ సీమలో దాన్ని అలాగే కట్టారు. నా సేతి పనికి పూచీ నాది."

దేవుని సన్నిధిలో, నిలబడి, గట్టిగా, శుద్ధ అబద్ధం.

అయ్యగారు కూర్చునేలోపే ఆ పిల్ల మళ్ళీ తొక్కింది. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు.

వేలం అయ్యాక పెద్దలు పక్కగదిలో కూర్చుని తేల్చేశారు. కుర్రాళ్ళూ, వెనక బెంచీలూ సంతోషంగా ఉన్నారు కనక గిటారు ఉంటుంది. హార్మోనియం అబ్రహాంగారింటికి చేర్చండి, ఆయన సేవకి జ్ఞాపకంగా.

2-12

చేర్చారు. ముందుగదిలో ఉంది. ముట్టుకోలేదు. ఏసమ్మ దుమ్ము దులిపి, "కాపీ తాగుతావా" అంది. ఇన్నేళ్ళ కాపురంలో మధ్యాహ్నం పూట కాపీ కావాలా అని ఆవిడ అడగడం ఇదే మొదలు.

సాయంత్రం సత్యరాజు. అరటి గెల మోసుకొచ్చాడు, నిన్న వేలంలో పాడింది. గెల దించి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"బావా."

"ఏటి?"

"అది పాడయిపోనాదని నాకు తెలుసు బావా. నాకూ సెవులున్నాయి. నాను కట్టినప్పుడే పాడుసేసుంటాను. నువ్వు బాగుసెయ్యలేకపోయుంటావు, యాసిడ్డు నానే పోసాను కదా. అందరి ముందూ తప్పు నీ మీదికి తోసేసాను. నువ్వు మాత్రం నా పరువు కోసం, గుంట ఏడవకూడదని, దేవుడి ఎదర అబద్ధం ఆడేసావు. గుడిలో నీ హార్మోనియం కూడా పోగొట్టుకున్నావు. నాలాటోడి కోసం."

చేతులు జోడించాడు. తలొంచుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

నేను "అరటికాయలా, పళ్ళా?" అన్నాను.

3-12

తలొంచుకోవడం వరకూ అనుకున్నట్టే జరిగింది. అయితే అందులో సుఖం ఎందుకు లేదో తెలీటం లేదు. బాగుచెయ్యలేకపోయుంటావు అన్నాడు.

4-12, బుధవారం

ఎవరిదో ట్రాన్సిస్టరు రేడియో రిపేరు పూర్తిచేసి, సాయంత్రం రేడియో సిలోను పెట్టి పరీక్ష చేస్తున్నాను. ఇంగ్లీషు పాటలు వస్తున్నాయి. మధ్యలో గర!

స్పీకరు కాగితం చిరిగిందనుకున్నాను. స్క్రూడ్రైవరు పట్టుకుని మూత విప్పబోతున్నాను. పాట అయిపోయింది. మాట్లాడేవాడు మాట్లాడాడు, గంటలా, ఒక్క మరక లేకుండా. స్పీకరు బాగుంది. ఇంకో పాట వేశాడు. డప్పు శుభ్రంగా ఉంది, పాడేవాడి గొంతు శుభ్రంగా ఉంది. గిటారు ఒక్కటే గర.

స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

అది అచ్చు నా గర. నా బల్ల మీద పుట్టిన గర. గర కోసమే కడతారన్నమాట ఆ పెట్టెని! మంచి పాటని పట్టుకుని కావాలని, కర్చుపెట్టుకుని, గరగరలాడిస్తారన్నమాట! ఆ బొమ్మ గీసినవాడు దద్దమ్మ కాడు. ఆ పిల్లకి చెవి ఉంది. మంచితనంతో అన్న మాట కాదది.

అంటే నేను దేవుని సన్నిధిలో నిజమే చెప్పాను. పీకల్దాకా ధైర్యం తెచ్చుకుని అబద్ధమాడితే అది కూడా నాకు దక్కలేదు.

రేడియో ఆపేసి, షాపు మూసేసి, స్టాండు దాకా నడిచి, ఊరికే వెనక్కి వచ్చాను.

7-12, శనివారం

లీలారాణి వచ్చింది. మొహం మాడ్చుకుని ఉంది.

"మావయ్యా, పెట్టె పాడయిందని నాన్న గట్టి నమ్మకంతో ఉన్నాడు. కాదు నాన్నా, అది అలాటి పెట్టే అంటే, 'మీ మావయ్య మనకోసం ఆడిన అబద్ధాన్ని నువ్వూ మోస్తన్నావు, మంచిదానివే' అని నా తల నిమిరి ఏడుస్తాడు. రేపు తొక్కొద్దంటాడు. మీరొక్క మాట సెప్పండి. మీ మాటైతే వింటాడు."

వింటాడు. అది నాకూ తెలుసు. ఒక్క మాట చెబితే చాలు, వాడి గుండెల మీది బరువు దిగిపోతుంది. వచ్చి "బావా, మరి అది బాగుంటే నువ్వు నాకు సేసిన ఉపకారమేటి?" అంటాడు. మీసం దువ్వుతాడు. నా హార్మోనియం నా ముందుగదిలోనే ఉంటుంది.

"నువ్వు తొక్కు" అన్నాను.

"నాన్న?"

"మావయ్య తొక్కమన్నాడని సెప్పు. ఏటైనా అంటే నన్నడగమను."

"మరి అది పాడవలేదని సెప్పరా?"

"గుడిలో సెప్పాను కదే, దేవుని ఎదర. అంతకంటే పెద్దోడెవడేటి మీ నాన్న?"

నవ్వింది. ఆ పిల్లకి కొంత అర్థమైనట్టే ఉంది. అడగలేదు. మంచి చెవే.

8-12, ఆదివారం

గుడికి వెళ్ళాను. డ్రైవర్లందరూ కలిసి సౌండు సెట్టు ప్రతి ఆదివారం తెస్తామన్నారట, తెచ్చారు. వెనక బెంచీలో కూర్చున్నాను. కావాలనే, అందరూ కనపడతారని.

లీలారాణి తొక్కింది. గర్రుమంది. సత్యరాజు ఉలిక్కిపడి, మెల్లిగా తల తిప్పి, జనంలో నన్ను వెతుక్కున్నాడు. చూసి, చేతులు జోడించి, తలొంచుకున్నాడు. క్షమించే మొహం పెట్టి నేను కొంచెం తలూపాను.

మళ్ళీ తొక్కింది. మళ్ళీ తలొంచుకున్నాడు.

ఆరాధన అయ్యాక ఆ పిల్లని పక్కకి పిలిచి, పై వారం ఇంకో పాటకి కూడా తొక్కమన్నాను.